పాత కంప్యూటర్‌లో నెట్ ఆగి ఆగి వస్తోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

నెట్ పూర్తిగా పోతే ఒక రకంగా నయం. బాక్సు మీద ఎర్ర లైటు చూసి కేబుల్ వాళ్లకు ఫోన్ చేస్తాం, వాళ్లొచ్చి అతుకు వేసి వెళ్తారు. చిక్కంతా ఆగి ఆగి వచ్చే నెట్‌తోనే. పది నిమిషాలు బాగుంటుంది, రెండు నిమిషాలు పోతుంది, మళ్లీ దానంతటదే వస్తుంది. మనిషి వచ్చి చూసే వేళకు శుభ్రంగా నడుస్తుంటుంది. కంప్యూటర్ పదేళ్ల నాటిదైతే ఎవరొచ్చినా నింద దాని మీదే వేస్తారు. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు.

మన విశాఖలో లాసన్స్ బే కాలనీ, పెద వాల్తేరు, సాగర్‌నగర్ లాంటి చోట్ల సముద్రం పక్కనే కాపురం కాబట్టి ఉప్పు గాలి సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. దాని గురించి వైర్ల దగ్గర చెప్పుకుందాం.

ముందుగా ఒక హెచ్చరిక. రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయకండి. ఆఫ్ చేసి ఆన్ చేయడం వేరు, అది వేరు. ఆ రంధ్రం నొక్కితే కంపెనీ వాళ్లు పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, లైన్ సెట్టింగులు అన్నీ చెరిగిపోవచ్చు. అప్పుడు ఆగి ఆగి వచ్చే నెట్ కూడా ఉండదు, మనిషి వచ్చేదాకా కూర్చోవాలి. ఏ సెట్టింగూ మార్చకముందే తప్పు ఎటువైపు ఉందో తేల్చుకోవాలి. అవకాశాలు మూడే: కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య, రౌటర్‌కీ బయటి లైనుకీ మధ్య, లేదా కంప్యూటర్ లోపల.

రెండు నల్ల కిటికీల పరీక్ష

కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న మీట, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో సీ-ఎం-డీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐ-పీ-సీ-ఓ-ఎన్-ఎఫ్-ఐ-జీ అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన వరసల్లో డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఒక నంబరు ఉంటుంది, చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. అది మీ రౌటర్ చిరునామా. రాసుకోండి.

అక్కడే ఐపీ అడ్రస్ కూడా చూడండి. అది 169.254 తో మొదలైతే రౌటర్ మీ కంప్యూటర్‌కి చిరునామా ఇవ్వలేదని అర్థం. ఇక లైను గురించి ఆలోచించకుండా నేరుగా వైరు, వైఫై భాగాలకు వెళ్లండి.

ఇప్పుడు పీ-ఐ-ఎన్-జీ అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి రౌటర్ నంబరు, మరో ఖాళీ ఇచ్చి హైఫన్, దాని పక్కనే టీ కొట్టి ఎంటర్ నొక్కండి. వరసలు ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉంటాయి. రెండో నల్ల కిటికీ తెరిచి ఇదే పని 8.8.8.8 నంబరుతో చేయండి. అది గూగుల్ సర్వరు. రెండు కిటికీలనూ పక్కపక్కన పెట్టి, నెట్ ఎక్కువగా ఇబ్బంది పెట్టే వేళలో కనీసం అరగంట వదిలేయండి. రాత్రి ఎనిమిదికి తెగే నెట్‌ని ఉదయం పదింటికి పరీక్షిస్తే ఏమీ తెలియదు. చివర్లో కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఎన్ని పంపింది, ఎన్ని పోయాయి అన్న లెక్క వస్తుంది.

నెట్ ఆగిన క్షణంలో ఆ కిటికీల్లో ఏముందో చూడాలి. రెండింట్లోనూ ఒకేసారి ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ వస్తే తప్పు ఇంట్లోనే, కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య, లేదంటే రౌటరే ఆరి వెలుగుతోంది. రౌటర్ కిటికీ నిశ్చింతగా నడుస్తూ 8.8.8.8 మాత్రమే ఆగితే బయటి లైను. రెండూ బాగానే ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే తప్పు ఎక్కువగా కంప్యూటర్ లోపలే.

సమయం అంకె కూడా చాలా చెబుతుంది. లాన్ వైరు (కంప్యూటర్‌ని రౌటర్‌కి కలిపే తీగ) మీద రౌటర్ జవాబు 1 మిల్లీసెకను లోపే రావాలి. వైఫై మీద 2 నుంచి 10 మధ్య ఉంటే మంచిదే. వైఫై మీద 3, 4, 280, 5, 410 అని ఎగిరెగిరి పడుతుంటే సిగ్నల్ చెడిపోతోందన్నమాట, పాకెట్లు (పంపే డేటా ముక్కలు) పోకపోయినా సరే. 8.8.8.8 సమయం మాత్రమే ఒక్కసారిగా వందల్లోకి వెళితే ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు, వీడియోలు బ్యాకప్‌కి ఎక్కిస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా మూలుగుతుంది.

పక్కనే ఫోన్‌ని మొబైల్ డేటా ఆపి అదే వైఫై మీద పెట్టి చూడడం మంచి అలవాటు. కానీ ఆ ఒక్కదాన్నీ నమ్మి తీర్పు చెప్పకండి. కొత్త ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటుంది, పాత కంప్యూటర్ 2.4 మీద ఉంటుంది. ఇల్లు ఒకటే అయినా దారులు వేరు.

తప్పు ఇంట్లోనే అయితే: లాన్ వైరు, దాని పిన్ను

వైరు చివరి ప్లాస్టిక్ పిన్నుని వెలుతురులోకి తెచ్చి చూడండి. ఎనిమిది చిన్న రాగి పళ్లు, వాటి మీద బంగారు పూత కనిపించాలి. చవక పిన్నుల్లో ఈ పూత మరీ పల్చగా ఉంటుంది. గుచ్చి తీస్తుంటే అరిగిపోతుంది, అరిగిన చోట ఉప్పు తేమ పట్టి రాగి ఆకుపచ్చగా తిరుగుతుంది. సముద్రానికి దగ్గరి ఇళ్లలో కిటికీ పక్కన పెట్టిన రౌటర్‌కి ఇది మరీ త్వరగా వస్తుంది. వైరు కదిపితే నెట్ పోయి, మళ్లీ కదిపితే వస్తుందంటే కారణం ఇదే, లేదంటే క్లిప్పు విరిగి పిన్ను వదులైంది. ఆకుపచ్చ పట్టిన పిన్నుని గీకి శుభ్రం చేయడం దండగ, కత్తిరించి కొత్తది వేయించండి. కంప్యూటర్ వైపు సాకెట్‌ని మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని చిన్న బ్రష్‌తో తుడిచి, పావుగంట ఆరనివ్వాలి. గోళ్ల రంగు తీసే ద్రవం వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది.

కొత్త పిన్ను వేసేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సిన విషయం ఒకటుంది. పిన్నుని క్లిప్పు కిందికి, రాగి పళ్లు పైకి, వైరు మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు కొసలకూ ఇదే వరస. తొందరలో కొందరు జతలను వరసగా పేర్చేస్తారు: నారింజ రెండూ, నీలం రెండూ, ఆకుపచ్చ రెండూ, గోధుమ రెండూ. రెండు కొసల్లోనూ అలాగే వేస్తే చవక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. నెట్ కూడా వస్తుంది. కానీ మూడో పన్ను, ఆరో పన్ను ఒకే మెలిక జతలోవి (కలిపి మెలిపెట్టిన రెండు తీగలవి) కావాలన్న నియమం తప్పింది కాబట్టి ఒక సిగ్నల్ పక్కదానిలోకి కారుతుంది. రెండు మీటర్ల వైరులో అది బయటపడదు. హాలు నుంచి పై అంతస్తుకి పాతిక మీటర్లు లాగిన చోట పాకెట్లు రాలిపోతాయి. ‘టెస్టర్‌లో అన్నీ వెలిగాయండీ’ అన్న మాట దగ్గర ఆగిపోకుండా రంగుల వరస మీ కళ్లతో చూసుకోండి. మెలికని అర అంగుళం కన్నా ఎక్కువ విప్పకూడదు, పైన ఉన్న తొడుగు పిన్ను లోపలిదాకా వెళ్లి నొక్కులో ఇరుక్కోవాలి.

వైరు కొనేటప్పుడు అచ్చం రాగిదే అడగండి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన వైరు చవకగా దొరుకుతుంది. అది వంపుల దగ్గర విరుగుతుంది, కొస దగ్గర అల్యూమినియం బయటపడితే ఉప్పు గాలికి తెల్లటి పొడిగా మారుతుంది. బ్లేడుతో తీగ కొసను గీకితే లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి కాదు.

వైరు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఇంకో గుర్తు ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ల స్టేటస్ తెరిస్తే ‘స్పీడ్’ అని కనిపిస్తుంది. బాగా పాత బోర్డుల్లో అది 100 ఎంబీపీఎస్ దాటదు, అది మామూలే. కానీ మీ కంప్యూటర్, రౌటర్ రెండూ 1 జీబీపీఎస్‌వి అయి ఉండి అక్కడ 100 చూపిస్తుంటే నాలుగు జతల్లో ఏదో సరిగా తగలడం లేదు. 100కి రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. ఈ అంకె ఓసారి 1000, ఓసారి 100 అని మారుతుంటే వైరు మార్చేయండి.

విడిగా బిగించిన లాన్ కార్డు ఉంటే కరెంటు ప్లగ్గు తీసేసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, కార్డు పైకి లాగండి. బంగారు పళ్లని స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేసి, గట్టిగా కూర్చోబెట్టి మర బిగించండి. నల్లబడిన పళ్లు మెరుస్తాయి.

తర్వాత డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో ‘ఈ పరికరాన్ని ఆపి కరెంటు ఆదా చేయవచ్చు’ అన్న అర్థం వచ్చే గడిలో టిక్కు తీసేయండి. కాసేపు వదిలేసి వస్తే నెట్ ఉండటం లేదన్న గోడు చాలామందికి దీంతో తీరుతుంది. అడ్వాన్స్‌డ్‌లో ‘ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్’, ‘గ్రీన్ ఈథర్‌నెట్’ కనిపిస్తే అవి కూడా డిసేబుల్ చేయండి.

వైఫై మీద ఉంటే

మొదటి సలహా: కంప్యూటర్ కదలని వస్తువు కాబట్టి వీలుంటే లాన్ వైరే వేయండి. కుదరకపోతే ఇవి చూడండి.

పాత వైఫై కార్డులు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. ఎంవీపీ కాలనీ, మధురవాడ అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ ఆ బ్యాండు మీదే ఒకదానితో ఒకటి తోసుకుంటుంటాయి. రౌటర్ సెట్టింగుల్లో (బ్రౌజర్‌లో రౌటర్ నంబరు కొడితే వచ్చే పేజీలో) ఛానల్‌ని ఆటో నుంచి తీసి 1, 6, 11 లో ఖాళీగా ఉన్నదానికి మార్చండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఏది ఖాళీయో ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ చూపిస్తుంది. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత కార్డుకు కుదరకపోవచ్చు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెడితే అతుక్కుంటుంది.

యూఎస్‌బీ డాంగిల్ (పోర్టులో గుచ్చే చిన్న వైఫై పరికరం) వాడేవాళ్లు దాన్ని క్యాబినెట్ వెనక గుచ్చకండి. అక్కడ ఇనుప డబ్బా ఒకవైపు, గోడ ఇంకోవైపు. పక్కన నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్కు ఉంటే అది వెదజల్లే రొద సరిగ్గా 2.4 మీదే పడుతుంది. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని డాంగిల్‌ని టేబుల్ మీదికి తెచ్చుకుంటే తేడా కిటికీలోని అంకెల్లోనే కనిపిస్తుంది.

8.8.8.8 మాత్రమే ఆగుతుంటే

రౌటర్ కరెంటు సంగతి ముందు తేల్చండి, రెండు కిటికీలూ కలిసి ఆగుతున్నా సరే. నెట్ పోయినప్పుడు లైట్లన్నీ ఆరి మళ్లీ ఒక్కొక్కటీ వెలుగుతున్నాయా, లేక ఇంటర్నెట్ లైటు ఒక్కటే పోతోందా? అన్నీ ఆరితే రౌటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతోంది. ఆ క్షణం మీరు చూడకపోయినా రౌటర్ పేజీలో స్టేటస్ కింద ‘అప్‌టైమ్’ చూడండి. ఎవరూ ముట్టుకోకుండా అక్కడ రెండు గంటలే ఉందంటే సగం పని అయిపోయినట్టే. ఎక్కువగా దోషి అడాప్టరే. నాలుగైదేళ్లు వేడిలో నడిచాక లోపలి కెపాసిటర్లు ఎండిపోయి, లోడు పడగానే వోల్టేజీ జారిపోతుంది. మల్టీమీటర్‌తో ఖాళీగా కొలిస్తే 12 చూపిస్తుంది, రౌటర్‌కి పెట్టాక పడిపోతుంది. కొత్తది తీసుకునేటప్పుడు వోల్టేజీ అచ్చంగా అదే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ, పిన్ను సైజు, ప్లస్సు మైనస్సు గుర్తు సరిపోవాలి. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పట్టింది కదా అని గుచ్చేసి రౌటర్ కాల్చుకోకండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కన్నుమూసి తెరిచేంత సమయంలోనూ కొన్ని రౌటర్లు రీస్టార్ట్ అవుతాయి. 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ దానికి సరిపోతుంది.

ఇక ఫైబర్, అంటే వెలుతురు మీద నెట్ తెచ్చే గాజు తీగ. ఎల్-ఓ-ఎస్ అని రాసి ఉన్న ఎర్ర లైటు వెలిగితే వెలుతురు అందడం లేదు, అది లైన్‌మ్యాన్ పని. అది వెలగకుండానే తెగుతుంటే రౌటర్ పేజీలో ఆప్టికల్ సమాచారం తెరిచి ‘ఆర్‌ఎక్స్ పవర్’ అంకె చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే హాయి. మైనస్ 27 దాటితే తెగడం మొదలవుతుంది. మైనస్ పక్కన అంకె పెరిగిన కొద్దీ వెలుతురు తగ్గినట్టు, ప్రతి 3కీ సగం అవుతుంది. ఎండగా ఉన్న రోజు ఒకసారి, వాన రోజు ఒకసారి ఈ అంకె రాసిపెట్టుకోండి. ఎండరోజు మైనస్ 22, వానరోజు మైనస్ 28 ఉంటే స్తంభం మీద అతుకు డబ్బాలోకి నీళ్లు వెళ్తున్నాయేమో చూడమని అడగండి.

ఇంట్లో మీరు సరిచేయగలిగేది ఆ సన్నని పసుపుపచ్చ లేదా తెల్ల తీగ వంపు మాత్రమే. చేతి గాజు కన్నా చిన్న చుట్టగా దాన్ని చుట్టకూడదు. మేకు కింద నలిగినా, బీరువా వెనక మడత పడినా వెలుతురు వంపు దగ్గరే బయటికి కారిపోతుంది. ఆకుపచ్చ పిన్నుని ఆకుపచ్చ సాకెట్‌లోనే, నీలాన్ని నీలంలోనే పెట్టాలి. లోపల గాజు కొసలు చెక్కిన కోణం వేరు. తీగ కొసను వేలితో తాకొద్దు, కంటితో లోపలికి తొంగి చూడొద్దు. అందులో ఉన్న లేజరు కంటికి కనిపించదు, హాని మాత్రం చేయగలదు.

రెండు కిటికీలూ బాగుండి సైట్లే తెరుచుకోకపోతే

ముందు కుడివైపు కింద మూలన తేదీ చూడండి. నవ్వులాటగా అనిపించినా పాత కంప్యూటర్లలో ఇది చాలా తరచుగా దొరికే జబ్బు. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే నాణెం లాంటి 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ప్లగ్గు తీసిన ప్రతిసారీ గడియారం ఎప్పటిదో తేదీకి వెళ్లిపోతుంది. సైట్ల సర్టిఫికెట్లకు (సైటు అసలుదేనని చెప్పే పత్రాలకు) మొదలు, గడువు తేదీలు ఉంటాయి కాబట్టి 2009లో ఉన్న కంప్యూటర్‌కి ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. బ్రౌజర్ ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటుంది. తేదీ దిద్దుకున్న రోజు నెట్ వస్తుంది, కరెంటు పోయి వచ్చాక పోతుంది. అందుకే ఇది కూడా ఆగి ఆగి వచ్చే నెట్ లాగే కనిపిస్తుంది.

బ్యాటరీ మార్చేముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి) వెళ్లి ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీయండి, ముఖ్యంగా సాటా మోడ్ (హార్డ్ డిస్కు నడిచే పద్ధతి) ఏహెచ్‌సీఐలో ఉందా, ఐడీఈలో ఉందా అన్నది. బ్యాటరీ తీయగానే అది మారిపోతే విండోస్ తెరుచుకోక నీలి తెర వస్తుంది. తర్వాత ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి, పక్కనున్న చిన్న క్లిప్పు నొక్కితే బ్యాటరీ లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్సు గుర్తు పైకి ఉండేలా పెట్టి, బయోస్‌లో తేదీ, సమయం, ఫొటోలోని సెట్టింగులు మళ్లీ పెట్టండి.

తేదీ సరిగానే ఉండి కొన్ని సైట్లు మాత్రమే మొండికేస్తే విండోస్ వయసు చూడాలి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 7 మీద క్రోమ్ 109తో ఆగిపోయింది. 2021 సెప్టెంబర్ 30న ఒక ముఖ్యమైన రూట్ సర్టిఫికెట్ గడువు తీరాక, అప్‌డేట్లు లేని యంత్రాల్లో ఎన్నో సైట్లు తెరుచుకోవడం మానేశాయి. పాత బ్రౌజర్లు విండోస్‌లోని సర్టిఫికెట్ల మీద ఆధారపడతాయి, ఫైర్‌ఫాక్స్ తన సొంతవి తెచ్చుకుంటుంది. అందుకే అక్కడ తెరుచుకోనిది ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకోవచ్చు. బ్యాంకు పనులు మాత్రం మద్దతు ముగిసిన విండోస్ మీద చేయకండి.

నంబరుకి జవాబు వస్తూ పేర్లకు రాకపోతే డీఎన్ఎస్ (సైట్ల పేర్లను నంబర్లుగా మార్చే సేవ) గడుల్లో 1.1.1.1, 8.8.8.8 పెట్టి చూడండి. తీసేసిన పాత యాంటీవైరస్, వీపీఎన్ ముక్కలు అడ్డుపడుతున్నాయన్న అనుమానం ఉంటే నల్ల కిటికీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మూడు మాటలు కొట్టండి: ఎన్-ఈ-టీ-ఎస్-హెచ్, తర్వాత డబ్ల్యూ-ఐ-ఎన్-ఎస్-ఓ-సీ-కే, చివర రీసెట్. ఆపై కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్‌లో డిస్కు 100 శాతం, మెమరీ నిండుగా ఉంటే మీరు నెట్ నెమ్మది అనుకుంటున్నది నిజానికి 2 జీబీ ర్యామ్ పడుతున్న ఆయాసం.

ఇంకా ఎటూ తేలకపోతే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా నడపండి. 64 బిట్ ప్రాసెసర్, కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలి. టెర్మినల్‌లో అదే పింగ్ పరీక్ష అరగంట పెట్టండి. ఇక్కడ హైఫన్ టీ అక్కర్లేదు. లినక్స్‌లో నెట్ తెగకపోతే విండోస్ డ్రైవర్‌దే తప్పు. బోర్డు తయారీదారు సైటు నుంచి ఫోన్‌లో డ్రైవర్ దింపుకుని ఎక్కించండి. లినక్స్‌లోనూ అలాగే తెగితే కార్డో వైరో మార్చాలి, విండోస్ మళ్లీ వేయించి డబ్బు పోగొట్టుకోకండి.

కంప్లయింట్ ఇచ్చేటప్పుడు

‘నెట్ సరిగా రావట్లేదు’ అంటే రీస్టార్ట్ చేయమంటారు, అంతే. ‘రౌటర్‌కి పింగ్ ఒక్కటీ పోలేదు, 8.8.8.8కి రాత్రి 8.10 నుంచి 8.14 వరకు మొత్తం పోయాయి, ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 27.5 ఉంది’ అని చెప్పి తెర ఫొటో వాట్సాప్ చేయండి. అప్పుడు వచ్చే మనిషి నిచ్చెన, స్ప్లైసింగ్ మెషీన్ (ఫైబర్ అతికే యంత్రం) తెచ్చుకుని వస్తాడు. కంప్లయింట్ నంబరు రాసుకోవడం మరవద్దు.

ఒక్క విషయం మిగిలింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరి స్తంభాలను పడగొట్టినప్పుడు వాటి మీది వైర్లూ నేలకూలాయి. అంతటి తుపాను అక్కర్లేదు, మామూలు ఉరుముల వాన చాలు పాత కంప్యూటర్ లాన్ పోర్టు కాలిపోవడానికి. మీ అపార్ట్‌మెంట్‌లో ఫైబర్ టెర్రస్ మీది స్విచ్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఫ్లాట్లకు రాగి లాన్ వైరు దిగుతుంటే పిడుగు దగ్గర్లో పడినప్పుడు వచ్చే కరెంటు ఉప్పెన ఆ వైరు గుండానే లోపలికి వస్తుంది. ప్లగ్గు తీసినా ఆ దారి తెరిచే ఉంటుంది. కాబట్టి ఉరుము ఇంకా దూరంగా వినిపిస్తున్నప్పుడే ప్లగ్గుతో పాటు లాన్ వైరు కూడా ఊడదీసి, కంప్యూటర్‌కి ఒక అడుగు దూరంలో పెట్టండి.